లెక్కల నోట్సు వెనక పేజీల్లో బరువు రాసుకుంటోంది మా అమ్మాయి

కృష్ణలంక_అమ్మ
మా పాపకి పన్నెండు నిండాయి, ఇప్పుడు ఏడో తరగతి. మే నెలలో మా చిన్నాడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాం. బఫే దగ్గర ఇది రెండో పూర్ణం వేసుకోబోతుంటే మా పెద్దాడపడుచు "చాల్లేవే, ఇప్పటికే డ్రమ్ములా తయారయ్యావు, నీ ఓణీలకి మీ నాన్న రెండు ఓణీలు కలిపి కుట్టించాలి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పిల్ల ఆ పూర్ణం మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత నుంచి రాత్రి అన్నం తినదు. అడిగితే ట్యూషన్‌లో ఫ్రెండ్ టిఫిన్ పెట్టింది అంటుంది, లేకపోతే కడుపునొప్పి. ఈ ఉక్కపోతలో కూడా యూనిఫాం మీద జాకెట్ తియ్యదు. మొన్న ఆదివారం పుస్తకాలకి అట్టలు వేస్తూ, పోయిన ఏడాది నోట్సుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి రఫ్ బుక్ కుడదామని లెక్కల నోట్సు తీశాను. వెనక నాలుగు పేజీల్లో స్కేలు పెట్టి పెన్సిల్‌తో గళ్ళు గీసుకుంది. ఒక గడిలో తేదీ, ఒక గడిలో బరువు. తగ్గిన రోజు టిక్కు, పెరిగిన రోజు ఇంటూ. హోంవర్కులో కూడా అంత శుభ్రంగా గీతలు గియ్యదు. (ఇక్కడ అంకెలు రాశాను, కింద నెమలీక చెప్పాక తీసేశాను.)

మా ఆడపడుచుకి ఫోన్ చేసి కడిగెయ్యాలనుంది. మా ఆయనేమో "అక్క మాటే అంత, మనసులో ఏమీ ఉండదు, వదిలెయ్" అంటున్నారు. నోట్సు నేను చూసినట్టు పిల్లకింకా తెలీదు. ఏం చెయ్యమంటారు?

ఉప్పుచేప
కడిగెయ్యండి. "మనసులో ఏమీ ఉండదు" అనే బ్యాచ్‌ని చూస్తే నాకు ఒళ్ళు మంట. మనసులో లేనిది నోట్లోకి ఎలా వచ్చిందట?

గోదారోడు_72
ముందుగా ఒక మాట. అవి పూర్ణాలు కాదు, బూరెలు.

రెండోది, ఇప్పటి పిల్లలు మరీ సున్నితం అయిపోయారు. మమ్మల్ని మా నాన్న గుమ్మడికాయ అనేవాడు, మేష్టారు బస్తా అనేవాడు, ఊళ్ళో సగం మందికి ఒంటిని బట్టే పేర్లు. పొట్టి సుబ్బారావు, గూని రాముడు, మెల్లకన్ను వెంకాయమ్మ. ఎవరూ తిండి మానెయ్యలేదు. దీన్ని పెద్దది చేస్తే పిల్ల ఇంకా బిగుసుకుంటుంది.

రాత్రి_డ్యూటీ
గోదారోడు గారూ, పిల్ల అన్నం మానేసి నెల దాటుతోంది. ఇంకా పెద్దది చెయ్యడం ఏముంది, అయిపోయింది.

నేను నర్సుని, పిల్లల వార్డులో ఎనిమిదేళ్ళు చేశాను. అమ్మగారూ, పన్నెండేళ్ళ ఆడపిల్ల ఒళ్ళు చెయ్యడం జబ్బు కాదు. పెద్దమనిషి అయ్యే ముందు, అయ్యాక నడుము, తొడలు, పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. చేరాలి కూడా. కొందరికి ముందు ఒళ్ళొచ్చి తర్వాత పొడుగు సాగుతుంది, కొందరికి తిరగేసి. ఈ సమయంలో తిండి కోసేస్తే ఎత్తు, ఎముకలు, నెలసరి అన్నిటి మీదా పడుతుంది.

ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. "బరువు చూపించడానికి" అని చెప్పొద్దు, "కడుపునొప్పి అంటున్నావుగా, దానికి" అనండి. పిల్ల లోపల లేనప్పుడు డాక్టర్‌కి నోట్సు సంగతి చెప్పండి. ఇవి కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు: కళ్ళు తిరిగి పడటం, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకోవడం, ఎప్పుడూ చలి అనడం, నెలసరి మొదలయ్యుంటే ఆగిపోవడం.

నెమలీక
మొదటి పోస్టులో ఆ బరువులు తీసెయ్యండి ప్లీజ్. నాలాంటివాళ్ళు చదువుతుంటారు. ఆ అంకె చూడగానే మా బుర్ర మా అంకెతో పోల్చుకుంటుంది, మేం ఆపలేం.

కృష్ణలంక_అమ్మ
తీసేశానమ్మా. తెలీక రాశాను.

షుగర్_శాస్త్రి
అందరూ తిట్టినా సరే ఒకటి చెప్పాలి. ఒంటిని ప్రేమించు, ఎలా ఉన్నా బాగున్నావు అంటూ పోతే షుగర్ వచ్చాక ఎవరు చూస్తారు? మన భారతీయులకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. తెల్లవాళ్ళకి పెట్టిన 25, 30 మనకి పనికిరావు. నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదు. ఆ ఆడపడుచు చెప్పిన పద్ధతి తప్పే, ఒప్పుకుంటా. చెప్పిన విషయం తప్పా?

రాత్రి_డ్యూటీ
తప్పే. మీరు రాసినవి పెద్దవాళ్ళ లెక్కలు. పిల్లలకి వయసు, ఆడా మగా బట్టి ఐఏపీ (పిల్లల డాక్టర్ల సంఘం) చార్టు ఉంటుంది, దాంట్లో గీత ఎటు పోతోందో చూస్తారు. బఫే లైన్లో నిలబడి కళ్ళతో కొలిచేది కాదు.

కర్నూలోడు
శాస్త్రి గారూ, మీ నడుమెంతో?

షుగర్_శాస్త్రి
82. బరువు 58 కిలోలు. మీరు నవ్వుతారని తెలిసే చెప్తున్నా. సన్నగా ఉన్నానని ఏ డాక్టరూ, ఏ చుట్టమూ నన్ను షుగర్ టెస్టు చేయించుకోమనలేదు. నలభై ఒకటో ఏట కాలి పుండు మానకపోతే బయటపడింది. అందుకే ఈ విషయంలో కాస్త గట్టిగా మాట్లాడతా.

ఉప్పుచేప
అంటే చూపుల్ని బట్టి ఆరోగ్యం తెలీదని మీ ఒళ్ళే సాక్ష్యం. మరి ఆడపడుచు వైపు వాదిస్తారేంటండీ 😄

షుగర్_శాస్త్రి
...సరే, అది ఆలోచించాల్సిందే.

కర్నూలోడు
ఈ ముచ్చట ఆడపిల్లలదే అనుకోవద్దండి. నన్ను స్కూల్లో అగరొత్తి అనేటోళ్ళు. గాలొస్తే తలుపుల్ ముయ్యండ్రా, వీడు ఎగిరిపోతాడు అని మా సారే అన్యాడు. ఇంటర్ల ఉన్నంత కాలం షర్టు లోపల రెండు బనీన్లు ఏసుకుని పోయినా. కర్నూలు ఎండల్లో! చెమట పొక్కులు లేసినా తీయల్యా. ఉద్యోగం వచ్చినంక మొదటి జీతంల సగం ప్రొటీన్ పౌడర్ డబ్బాకి పెట్టినా. కండలు రాల్యా, మొటిమలు వచ్చినాయి. ఇప్పుడు ముప్పై మూడు, వెంట్రుకలు గూడ పాయె. అగరొత్తి కాస్తా అగ్గిపుల్ల అయింది, తలకాయ మాత్రం నున్నగ.

డాలస్_దోసె
అగ్గిపుల్లకి 😂😂 నవ్వకూడదని తెలుసు, క్షమించండి.

మా ఇంట్లో ఇంకో రకం. పాపకి పదకొండు. ఇక్కడ క్లాసులో తెల్లపిల్లల చేతుల మీద వెంట్రుకలు ఉన్నా కనపడవు, మన పిల్లలకి నల్లగా కనపడతాయి. ఎవరో "నీ చేతులు మా కుక్క కాళ్ళలా ఉన్నాయి" అన్నారట. టెక్సాస్ ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కాలే. ఒకరోజు వాళ్ళ నాన్న రేజర్‌తో గీసుకుని రక్తం కారుతూ వచ్చింది. నేను "అందరికీ ఉంటాయి నాన్నా, ఏం కాదు" అన్నాను. వెంటనే అది నా చేతులు పట్టుకుని "మరి నీకేవి?" అంది. నేను నెలకోసారి వాక్సింగ్ చేయించుకుంటాను కదా. నోట మాట రాలేదు.

చింతచిగురు
డాలస్ గారు చెప్పినదాంట్లోనే అసలు సంగతి ఉంది. ప్రభుత్వ హైస్కూల్లో పాఠాలు చెప్తాను, పాతికేళ్ళ నుంచీ ఈ వయసు పిల్లల్నే చూస్తున్నా. మనం వాళ్ళకి ఏం చెప్తామన్నది వాళ్ళ లెక్కలోకే రాదు. మన ఒంటి గురించి మనం గొణుక్కునేది మాత్రం పూస పొల్లుపోకుండా వింటారు.

కృష్ణలంక_అమ్మగారూ, అడక్కూడనిదే అడుగుతున్నా. ఆడపడుచు ఆ మాట అన్నప్పుడు మీరూ నవ్వారా?

గోదారోడు_72
ఆవిడ బాధలో ఉంటే ఆవిడనే బోనులో నిలబెడతారేంటండీ మేష్టారమ్మా.

ఓరుగల్లు_పోరి
నా కథ గూడ వినుండ్రి. నాది లావు కాదు, రంగు. నేను నల్లగుంట. చిన్నప్పుడు మా నాయనమ్మ ఐతారం ఐతారం శెనగపిండి, పసుపు, పాలమీగడ కలిపి ఒళ్ళంత రుద్దేది. తోలు మండేది. ఒకనాడు అడిగిన, "నాయనమ్మా, నువ్వు గూడ నా లెక్కనే ఉన్నవ్ గద, నువ్వెందుకు రుద్దుకోవు" అని. గామె అన్నది గదా: "నా పెండ్లి అయిపోయిందే పిచ్చిదానా."

గంతే. రంగు అంటే పెండ్లి దాంక మోసే బరువు అని నాకు అప్పుడు సమజైంది.

గోదారోడు_72
నలుపు నారాయణ మెచ్చు అన్నారమ్మా పెద్దలు. ద్రౌపదికి కృష్ణ అని పేరెందుకొచ్చింది, నల్లనిది కాబట్టే. రాముడు నీలమేఘశ్యాముడు.

ఓరుగల్లు_పోరి
నారాయణుడు మెచ్చుతడు తాతా. సూడనీకె వచ్చినోళ్ళే మెచ్చుతలేరు. ఒకాయన తిని తాగి లేస్తూ "పిల్ల మంచిగనే ఉన్నది, జర రంగు తక్కువ" అన్నడు. ఆయన నాకన్న రెండు పూతలు ఎక్కువనే ఉన్నడు.

పెండ్లి సైటుల గూడ గదే కత. షాదీ డాట్ కామ్ల ఒంటి రంగు పెట్టి ఎతికే సౌలతి 2020ల తీసేసిన్రు. గదే ఏడు ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మార్చి గ్లో అండ్ లవ్లీ అన్నరు. 1975 కెల్లి అమ్మిన్రు, నలభై అయిదేండ్ల తర్వాత పేరుకు సిగ్గొచ్చింది. సైటుల బటన్ తీసిన్రు గని, ఫోన్ చేసి "అమ్మాయి కలర్ ఎట్లుంటదండీ" అని అడిగే నోరు ఎవలు తీయాలె?

మందుల_కొట్టు
రంగు మాట వచ్చింది కాబట్టి ఇది చదవండి అందరూ. గుంటూరు జిల్లాలో మందుల షాపు నాది. "తెల్లబడే ట్యూబ్" అని చీటీ లేకుండా అడిగేవాళ్ళు ప్రతి వారం వస్తారు, పెళ్ళిళ్ళ సీజన్లో మరీను. వాళ్ళడిగేది స్టెరాయిడ్ కలిసిన క్రీము. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, పైన ఒక స్టెరాయిడ్. డాక్టరు మంగు మచ్చలకి కొన్ని వారాల కోసం రాసే మందు అది, స్నో పౌడర్ కాదు. మొదట్లో మొహం నిజంగానే మెరుస్తుంది. అక్కడే మోసపోతారు. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, ఎండకి మంట, మొటిమలు, ఆడపిల్లలకి గడ్డం దగ్గర వెంట్రుకలు. మానేస్తే మూడింతలు తిరగబెడుతుంది కాబట్టి మానలేరు. చీటీ లేనిదే ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు అమ్మకూడదని 2018లో షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు. అయినా నేను ఇవ్వనంటే పక్క వీధిలో దొరుకుతుంది, అది నా ఏడుపు.

లేబుల్ సరిగ్గా లేని క్రీములు ఇంకో ప్రమాదం. 2023లో కేరళ మలప్పురంలో ఇలాంటివి రాసుకున్నవాళ్ళకి కిడ్నీ జబ్బు బయటపడింది, క్రీముల్లో పాదరసం. మొహానికి రాసింది కిడ్నీకి ఎలా పోతుందండీ అని అడుగుతారు. చర్మం గోడ కాదు, పీలుస్తుంది.

ఓరుగల్లు_పోరి
నేను రెండేండ్లు రాసిన. ఇప్పుడు ఎండల అయిదు నిమిషాలు నిలబడలేను. థాంక్స్ అన్నా, ఎవలన్న ఆగుతరేమో.

ఉప్పుచేప
అమ్మగారి సంగతి పక్కకి పోతోంది. నా సలహా: రోజూ పొద్దున పిల్లని అద్దం ముందు నిలబెట్టి "నేను అందంగా ఉన్నాను" అని పదిసార్లు చెప్పించండి. మా చెల్లెలికి ఎవరో కోచ్ చెప్పారు.

నెమలీక
దయచేసి అది చెయ్యొద్దు.

నాకు ఇరవై రెండు. పదిహేనో ఏట నాకూ ఇదే వచ్చింది, నోట్సు బదులు ఫోన్లో యాప్. మా అమ్మ కూడా అద్దం ముందు నిలబెట్టేది. నేను పైకి "అందంగా ఉన్నాను" అంటుంటే లోపల ఒక గొంతు "అబద్ధం, పొట్ట చూడు, చెయ్యి చూడు" అని వరసగా జవాబిచ్చేది. చెప్పిన కొద్దీ ఆ గొంతు పెద్దదయ్యేది. తర్వాత నా సైకాలజిస్ట్ చెప్పింది, కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీ వాళ్ళు 2009లో ఇలాంటిదే చూశారట. తమ మీద తమకి నమ్మకం తక్కువున్నవాళ్ళ చేత నేను మంచిదాన్ని, ప్రేమించదగ్గదాన్ని అని పదేపదే అనిపిస్తే వాళ్ళ మనసు ఇంకా కుంగిందట. నమ్మకం బాగా ఉన్నవాళ్ళకి మాత్రం కాస్త పనిచేసింది. అంటే ఆకలి లేనివాడికే అన్నం అరిగిందన్నమాట.

నా విషయంలో ఘోరం ఇంకోటుంది. జుట్టు ఊడుతోంది, నెలసరి ఆగిపోయింది, మెట్లెక్కితే గుండె దడ. అదే రోజుల్లో ఏ పెళ్ళికెళ్ళినా "అబ్బ ఎంత బాగా సన్నబడ్డావే, ఏం తింటున్నావో మా పిల్లకీ చెప్పు" అనేవాళ్ళు. నా జన్మలో అన్ని మెచ్చుకోళ్ళు ఎప్పుడూ రాలేదు. చచ్చిపోయేలా ఉన్నప్పుడే నేను అందరికీ నచ్చాను. కాబట్టి అమ్మా, మీ పాప బరువు తగ్గినా మెచ్చుకోవద్దు. ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చండి.

నాకు బాగైంది ఏ ఒక్క మాటతోనో కాదు. డాక్టర్, సైకాలజిస్ట్, రెండేళ్ళు. ఇంట్లో మా అమ్మ చేసినవి రెండు గుర్తున్నాయి. బిగువైపోయిన బట్టలన్నీ నేను కాలేజీకి వెళ్ళినప్పుడు బీరువాలోంచి తీసేసింది, "తగ్గాక వేసుకుందువులే" అని దాచలేదు. రెండోది, భోజనాల దగ్గర నా కంచం వైపు చూడటం మానేసింది. అది ఆవిడకి ఎంత కష్టమైందో నాకిప్పుడు అర్థమవుతోంది.

రాత్రి_డ్యూటీ
❤️ దీన్ని ఎవరైనా పైన పిన్ చెయ్యండి.

ఉప్పుచేప
నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. మా చెల్లెలికి కూడా చెప్తాను, పాపం రోజూ చేస్తోంది.

బందరు_లడ్డు
టీవీ చూసి చెడిపోతున్నారని మా మావయ్య అంటే కొట్టిపారేసేవాళ్ళం కానీ ఒకచోట నిజంగానే చూశారు. ఫిజీ దీవుల్లో నద్రోగా అనే ప్రాంతం. అక్కడివాళ్ళకి నిండుగా ఉండటమే గొప్ప, పిల్ల చిక్కిపోతే ఇంట్లోవాళ్ళు సరిగ్గా చూసుకోవట్లేదని ఊరు బాధపడేది. 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్ నుంచి ఆన్ బెకర్ అనే ఆవిడ ఆ ఏడు ఒకసారి, మళ్ళీ 1998లో ఒకసారి హైస్కూలు ఆడపిల్లల్ని అడిగింది. సన్నబడటం కోసం కావాలని కక్కుకునేవాళ్ళు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ళకి నూటికి పదకొండు మంది.

మనం కూడా "ఏంటే ఇలా చిక్కిపోయావు" అని దిగులుపడే జాతే కదా. ఎప్పుడు తిరగబడ్డామో.

కర్నూలోడు
మేం అప్పుడూ తిట్టించుకున్యాం, ఇప్పుడూ తిట్టించుకుంటాండాం. మాకు తిరగబడింది ఏం లేదు 😐

టేపు_మెడలో
నేను ఏలూరులో జాకెట్లు కుడతాను. ఇరవై ఆరేళ్ళ నుంచి. ఈ చర్చ మా అమ్మాయి చూపించింది, ఆవిడ చేతే టైప్ చేయిస్తున్నా, తప్పులుంటే ఆవిడవే.

నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువ మంది ముందుగా అనే మాట "సారీ అక్కా, లావైపోయాను" అని. నాకెందుకు సారీ? నేనేమైనా కొలత తగ్గిస్తే డబ్బులిస్తానన్నానా. టేపు నడుముకి చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేస్తారు. డాక్టరమ్మ వచ్చినా అంతే, కూరలమ్మే ఆవిడొచ్చినా అంతే. "ఊపిరి వదలమ్మా" అని నేను ఆగుతాను. బిగబట్టి ఇచ్చిన కొలతకి కుడితే పెళ్ళిలో అన్నం తిన్నాక హుక్కు ఎగిరిపోతుంది, అప్పుడు టైలర్ బాలేదంటారు.

కొందరు పెళ్ళినాటి జాకెట్టు ఆదికి తెచ్చి "దీని ప్రకారమే కుట్టండి, అప్పటికి తగ్గుతాను" అంటారు. కుట్టాను కూడా, కొత్తలో. తర్వాత తెలిసింది, ఆ జాకెట్టు బీరువాలో వేలాడుతూ రోజూ తిడుతుంటుందని. ఇప్పుడు కుట్టను. ఇవాళ ఉన్న ఒంటికే కుడతాను. పక్క కుట్ల లోపల గుడ్డ మాత్రం దండిగా వదులుతాను, రెండు కుట్లు విప్పితే వదులయ్యేలా. పురుళ్ళు వస్తాయి, థైరాయిడ్ వస్తుంది, వయసు వస్తుంది. ఒళ్ళు అటూ ఇటూ అవుతుందని తెలిసే మా గురువుగారు గుడ్డ వదలమని నేర్పారు. రెడీమేడ్ కంపెనీలు గుడ్డ మిగుల్చుకుంటాయి, మనల్ని సైజులో దూరమంటాయి. ఒక కొట్లో ఎల్ సరిపోతే పక్క కొట్లో డబల్ ఎక్సెల్. ఆ అంకెని పట్టుకుని ఏడవడం దేనికో.

ఇది చెప్పాలనే మొదలుపెట్టాను. రెండేళ్ళ క్రితం ఒకావిడ పదమూడేళ్ళ పిల్లని తీసుకొచ్చింది. నేను కొలత తీసి ఎప్పటిలాగే అంకె పైకి చదివాను, మా హెల్పర్ రాసుకోవడానికి. వాళ్ళమ్మ "వామ్మో, నాకన్నా ఎక్కువా?" అంది. పిల్ల ఏం మాట్లాడలేదు. గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది, చెవులు ఎర్రబడ్డాయి. టేపు ఇంకా దాని ఒంటి చుట్టూ ఉంది, ఊపిరి తియ్యట్లేదని నా వేళ్ళకి తెలుస్తోంది. ఆ రోజు నుంచి నేను అంకె పైకి చదవడం మానేశాను. నేనే పుస్తకంలో రాసుకుంటాను. ఎవరైనా "ఎంతొచ్చింది?" అని అడిగితే "గుడ్డ సరిపోతుంది" అంటాను.

డాలస్_దోసె
"గుడ్డ సరిపోతుంది." ఆఫీసులో కూర్చుని ఏడుస్తున్నా.

ఓరుగల్లు_పోరి
అక్కా మీ దుకాణం ఏడుందో చెప్పు, ఏలూరు దాంక వస్త.

గోదారోడు_72
నేను రాత్రంతా ఆలోచించాను. పైన "ఎవరూ తిండి మానెయ్యలేదు" అని రాశాను కదా. తిండి మానెయ్యలేదు, నిజమే. 2015 పుష్కరాలకి రాజమండ్రిలో మా ఇంటిల్లిపాదీ గోదాట్లో మునిగారు. నేను బనీనుతోనే మునిగాను. మా ఆవిడ తియ్యమంటే జలుబు చేస్తుందన్నాను, జూలైలో. గోదారి గట్టున పుట్టినవాణ్ణి, చిన్నప్పుడు ఈదేవాణ్ణి. ఎప్పుడు మానేశానా అని లెక్కేసుకుంటే మేష్టారు బస్తా అన్న ఏడాదే.

ఉప్పుచేప
బాబాయ్ గారూ 🙏

చింతచిగురు
ఇలా పైకి చెప్పడం మీ తరం మగవాళ్ళకి తేలిక కాదు. థాంక్సండీ.

కృష్ణలంక_అమ్మ
రెండ్రోజులు రాయలేదు. చింతచిగురు గారడిగినదానికి జవాబు చెప్పడానికే భయమేసింది. నవ్వానండీ. అందరూ నవ్వుతుంటే మొహమాటానికి నవ్వాను. ఇంకా నిజం చెప్పాలంటే "దీనికి నా పోలికే వచ్చింది, ఏం చేస్తాం" అని కూడా అన్నాను. అది మొదటి పోస్టులో రాయలేదు. ఆడపడుచుని తిట్టడం తేలిక కదా.

చింతచిగురు
నేను తప్పు పట్టడానికి అడగలేదు. పిల్లకి ఆడపడుచు మాట కన్నా మీ నవ్వు ఎక్కువ తగిలి ఉంటుందని అనిపించి అడిగాను. దాన్ని సరిచెయ్యడం మీ చేతుల్లో ఉంది, ఆడపడుచు నోరు మీ చేతుల్లో లేదు.

ఎలా మాట్లాడాలో తోచకపోతే టెలిమానస్ ఉంది, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, 14416. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తల్లులు కూడా చెయ్యొచ్చు.

షుగర్_శాస్త్రి
డాక్టర్ దగ్గరికి వెళ్ళారా? అది ముఖ్యం.

కృష్ణలంక_అమ్మ
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా.

డాక్టర్‌కి చూపించాం. చార్టులో చుక్క పెట్టి పాపకే చూపించారు, ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు పొడుగు పెరిగింది. రక్తం తక్కువుంది, ఐరన్ సిరప్ రాశారు. తిండి సంగతికి పిల్లల సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు, ఒకసారి వెళ్ళాం, వచ్చే శనివారం మళ్ళీ. బరువు చూసే మిషన్ పైకప్పు అటక మీదికి ఎక్కించాను. నేనూ ఎక్కడం మానేశాను.

మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. "అయ్యో, సరదాకన్నాను" అంది. నేను ఏమీ అనకుండా ఊరుకుంటే, కాసేపాగి "నన్ను మా అత్తగారు ఇరవై ఏళ్ళు బండ అన్నారు, నేనేమన్నా చచ్చానా" అని ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు మాటల్లేవు. మా ఆయన ముఖం ముడుచుకుని తిరుగుతున్నారు. కానీయండి.

పాపతో నోట్సు సంగతి మాట్లాడాను. "అత్త అన్నప్పుడు నేను నవ్వాను, నవ్వకూడదు, తప్పు నాది" అన్నాను. అది ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. లేచి వెళ్ళి నా ఫోన్ తెచ్చి గ్యాలరీ తీసింది. తిరుపతి, సూర్యలంక బీచి, దాని పుట్టినరోజులు, అన్నీ జరుపుకుంటూ పోయి "ఒక్కదాంట్లో కూడా నువ్వు లేవు" అంది. ఉన్నా దాని వెనకో, మా ఆయన భుజం వెనకో సగం ముఖం. "లావు కనపడతానని నేను తీస్తాలే అంటావు కదా ప్రతిసారీ. మరి నేను నీ పోలికేగా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం ఇద్దరం డాబా మీద ఒక ఫోటో తీసుకున్నాం. చెయ్యి పొట్టకి అడ్డం పెట్టుకోకుండా నిలబడటానికి నాకు మూడుసార్లు పట్టింది. పెద్ద అందంగా ఏమీ రాలేదు, వెనక ఆరేసిన లుంగీ కూడా పడింది.

నెమలీక
లుంగీ ఉంటే ఉండనీయండి, డిలీట్ చెయ్యొద్దు.

టేపు_మెడలో
పాప ఓణీలకి నా దగ్గరికి తీసుకురండి అమ్మా. గుడ్డ సరిపోతుంది.

కర్నూలోడు
నేను గూడ ఈరోజు ఒక్క బనీనుతోనే ఆఫీసుకు పోయినా. ఎవ్వరూ గుర్తుపట్టల్యా.

మందుల_కొట్టు
ఐరన్ సిరప్ పాలతో, టీతో ఇవ్వొద్దు. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. ఇది చెప్పడానికే లాగిన్ అయ్యాను.

కృష్ణలంక_అమ్మ
సరేనండీ.

జాకెట్ ఇంకా తియ్యట్లేదు. రాత్రిళ్ళు కొన్నిసార్లు తింటోంది, కొన్నిసార్లు లేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని గోరుచిక్కుడుకాయ కూరతో తింటోంది. ఎంత పెట్టుకుందో నాకు తెలీదు. అటు చూడకుండా ఉండటానికే ఇదంతా టైప్ చేస్తున్నాను.

గోదారోడు_72
ఈసారి శ్రావణ శుక్రవారానికి బూరెలు చెయ్యండమ్మా.

కృష్ణలంక_అమ్మ
పూర్ణాలు బాబాయ్ గారూ.